పిల్లలకు ఏ చరిత్ర చెప్పాలి?



అమెరికాలో వుంటున్న మా చెల్లెలు మొన్న ఫోను చేసింది. వాళ్లాయన ఉద్యోగరీత్యా తరచు వూళ్లు మారవలసి రావడంతో, ఎనిమిదేళ్ల కూతురికి ఇంట్లోనే చదువు చెబుతోంది. అక్కడ అది వింతేమీ కాదు. 1993 నాటికే అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటిచదువును చట్టం ఒప్పుకుంది. "లెక్కలకీ, ఇంగ్లీషుకీ ఇబ్బంది లేదక్కా! చరిత్ర దగ్గరే తోచడం లేదు. ఒక పుస్తకం భూమి పుట్టుక దగ్గర మొదలెడుతుంది. ఇంకోటి మన వీధి దగ్గర మొదలెట్టమంటుంది. నువ్వయితే ఏది కొంటావు?" అని అడిగింది.

మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్ని. నాకు తెలిసిన చరిత్రల్లా రాజుల పేర్లూ, యుద్ధాల సంవత్సరాలూ వల్లె వేయడమే. అయినా అడిగింది చెల్లెలు కదా! నాలుగు పుస్తకాలు తిరగేశాను.

అమెరికాలోనే, బాల్టిమోరులోని కాల్వర్ట్ స్కూలు వారు 1906 నుంచీ ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు పోస్టులో పాఠాలు పంపేవారట. ఆ స్కూలు హెడ్మాస్టరు హిల్యర్ 1924లో పిల్లల కోసం ప్రపంచ చరిత్ర రాశారు. భూమి పుట్టుక దగ్గర్నుంచి వరసగా, కథ చెప్పినట్టు సాగుతుంది. ఈ వరస మంచిదే. ముందు దండెం కడితే, తరువాత ఏ బట్టనైనా దాని చోట ఆరేసుకోవచ్చు. కాని అందులో ఎక్కువ భాగం యూరప్ కథే. ఆ ఒక్కటే చదివిన మన పిల్ల, మనవాళ్లు ఆ కాలమంతా ఏం చేస్తున్నారనుకుంటుంది?

మన దేశంలో 1928 వేసవిలో నెహ్రూగారు, ముస్సోరీలో వున్న పదేళ్ల ఇందిరకు ఉత్తరాలు రాశారు. ఆయన కూడా రాజులతో మొదలెట్టలేదు. రాళ్లూ, కొండలూ చూసి భూమి కథ ఎలా చదవాలో చెప్పి, అక్కణ్ణించి మనుషుల దగ్గరికి వచ్చారు. 1929లో అవి పుస్తకంగా వచ్చాయి. తరువాత 1930 నుంచి 1933 వరకు, ఎక్కువగా జైళ్లలోనే వుండి, ప్రపంచ చరిత్రంతా మళ్లీ ఉత్తరాలుగా రాశారు. అదీ ఇంటిచదువే కదండీ!

మన తెలుగింట బడికి వెళ్లకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి తోడుతో చదువు నేర్చుకున్న భండారు అచ్చమాంబగారు వున్నారు. 1874లో పుట్టి 1905లోనే పోయారు. ఆ కొద్దికాలంలోనే స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. చరిత్రలో ఆడవాళ్లు లేరని కాదు, రాసినవాళ్లు వదిలేశారని ఆవిడ కనిపెట్టారు.

అంచేత నాకు అర్థమైందేమిటంటే, ఏ పుస్తకమైనా కొంత వదిలేస్తుంది. ఇంట్లో చదువు చెప్పే తల్లి కూడా వదిలేస్తుంది. అదే నా భయం.

నా సంగతే చెబుతాను. మా అబ్బాయి మూడో తరగతిలో వుండగా మా అత్తగారి వూరు వెళ్లాం. పాడుబడిన రెండు బావులు చూపించి మామగారు "ఇది మన బావి, అది వాళ్ల బావి" అన్నారు. "వాళ్లంటే ఎవరమ్మా? బావి ఎందుకు వేరు?" అని వాడు అడిగాడు. "పెద్దవాళ్ల సంగతులు నీకెందుకు, పద" అన్నాను. కొన్నేళ్లకు బడిలో, 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్‌గారు జనాన్ని నడిపించిన పాఠం చెప్పారు. వాడు ఇంటికొచ్చి, "అమ్మా, ఆ బావి సంగతి నీకు తెలిసే చెప్పలేదా?" అన్నాడు. నాకు తల వంచుకోవలసి వచ్చింది.

మావాడికి బడి వుంది కాబట్టి నేను దాచింది ఇంకొకరు చెప్పారు. మా చెల్లెలి కూతురికి అమ్మే పంతులమ్మ. అమ్మ దాస్తే చెప్పేవాళ్లెవరు?

అందుకని చెల్లెలికి ఇలా చెప్పాను. "కాలం వరస తప్పని పుస్తకం ఒకటి కొనుక్కో. గోడకి పొడుగాటి కాగితం అంటించి, చదివిన ప్రతి సంగతీ దాని చోట పిల్లచేతనే రాయించు. పక్కనే అమ్మమ్మ చదువు ఏ తరగతిలో ఆగిందో, ఎందుకు ఆగిందో కూడా రాయించు. పాఠం ఒకసారి చదివి వినిపించి, తిరిగి పిల్లచేత చెప్పించు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే ఆవిడ వెనకటికే ఈ పద్ధతి పెట్టింది. మన ఇళ్లల్లో రాత్రి విన్న కథ పొద్దున్నే చెప్పించుకోవడం ఇదే కదూ! చివర్న ఒక్క ప్రశ్న అడుగు: ఈ కథలో ఎవరు లేరు?"

"మరి దానికి జవాబు నాకే తెలియకపోతే?" అంది.

"తెలియదని చెప్పి, ఇద్దరూ కలిసి వెతకండి. తెలిసీ చెప్పకపోవడమే తప్పు" అన్నాను.

ఆ రాత్రి మా అబ్బాయిని కూర్చోబెట్టి రెండు బావుల సంగతీ నాకు తెలిసినంతా చెప్పాను. ఆలస్యమైంది. అయినా చెప్పాను.

సెలవు.