ఊరికి నచ్చని నోరు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ సామెత మా వాడకు చెప్పినన్నిసార్లు ఊరు ఇంకెవరికీ చెప్పి ఉండదు. కూలి పెంచమంటే నోరు మంచిది కాదు. చెరువులో గొడ్లను కడగొద్దంటే నోరు మంచిది కాదు. చదువుకున్నోడు పేరు పెట్టి పిలవమంటే వాడి నోరు అసలే మంచిది కాదు. ఊరు మంచిది కానప్పుడు నోరెట్లా మంచిదవుతుందని తిరిగి అడిగినోళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. అడిగినప్పుడు లోకం వాళ్ళనేమందో, తర్వాత ఏమందో పక్కపక్కన పెట్టి చూడాలి. అమెరికా నల్లజాతి వాళ్ళ విషయంలో ఈ లెక్క అంకెలతో సహా దొరుకుతుంది. అందుకని ముందు వాళ్ళ సంగతి చెప్పి, తర్వాత మన సంగతికొస్తాను.

ఐడా బి. వెల్స్ 1862లో మిసిసిపీ రాష్ట్రంలో బానిస తల్లిదండ్రులకు పుట్టింది. పెద్దయ్యాక మెంఫిస్ నగరంలో పంతులమ్మగా పనిచేసింది. ‘ఫ్రీ స్పీచ్’ అనే నల్లవాళ్ళ పత్రికలో భాగస్వామి అయింది. 1892 మార్చిలో ఆ ఊళ్ళో కిరాణా కొట్టు నడిపే ముగ్గురు నల్లవాళ్ళను తెల్లవాళ్ళ గుంపు జైలు నుంచి లాక్కుపోయి చంపేసింది. వాళ్ళలో థామస్ మాస్ ఆమెకు ఆప్తమిత్రుడు. వాళ్ళు చేసిన తప్పల్లా తెల్లవాడి కొట్టుకు పోటీగా కొట్టు పెట్టి బాగుపడటమే. అప్పటిదాకా ఇట్లాంటి హత్యలకు తెల్ల పత్రికలు ఒకటే కారణం రాసేవి: నల్లవాడు తెల్ల స్త్రీని చెరిచాడు, జనం కోపం పట్టలేకపోయారు. ఐడా ఆ మాట అబద్ధమని రాసింది. ఊరి పెద్ద పత్రికలు మండిపడ్డాయి. ఆ రాత రాసినోడిని ఏం చేయాలో కూడా అవే రాశాయి. రాసింది ఆడమనిషని వాటికి తెలియదు. ఆ మే నెలలో గుంపు వచ్చి ‘ఫ్రీ స్పీచ్’ ఆఫీసును ధ్వంసం చేసింది. ఐడా అప్పుడు ఊళ్ళో లేదు కాబట్టి బతికింది. తిరిగొస్తే చంపుతామని కబురొచ్చింది.

ఆమె చేసిన పని చూడండి. తెల్ల పత్రికల్లో అచ్చయిన వార్తలనే తీసుకొని లెక్కగట్టింది. 1895లో ‘రెడ్ రికార్డ్’ పుస్తకంలో ఆ లెక్కలన్నీ పెట్టింది. గుంపు చంపినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది మీద చెరిచాడన్న ఆరోపణ కూడా లేదని తేల్చింది. మీ రాతలే మీకు సాక్ష్యం అన్నట్టు. ఇంగ్లండు పోయి అక్కడి సభల్లో ఈ సంగతులు చెప్తే, 1894లో న్యూయార్క్ టైమ్స్ ఆమెను పాడుబుద్ధి మనిషి అని తిట్టింది. ఆమె 1931లో చనిపోతే అదే పత్రిక సంతాపం రాయలేదు. 2018లో, 87 ఏళ్ళ తర్వాత, అప్పట్లో వదిలేసిన వాళ్ళ పేర్లతో ఒక వరుస మొదలుపెట్టి ఆమె గురించి రాసింది. 2020లో పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక గౌరవం ఇచ్చారు. తిట్టు బతికుండగా అందింది. పొగడ్త వినడానికి ఆమె లేదు.

ఇక మార్టిన్ లూథర్ కింగ్. ఇవాళ ఆయన్ను మెచ్చనివాడు లేడు. మరి అప్పుడు? జనాభిప్రాయం సేకరించే గ్యాలప్ సంస్థ లెక్కలున్నాయి. 1961లో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి ఒకే బస్సులో కూర్చుని దక్షిణాదికి ప్రయాణం కట్టారు. అలబామాలో వాళ్ళ బస్సును తగలబెట్టారు. ఆ ప్రయాణికులు చేస్తున్నది మంచిపని కాదని 61 శాతం మంది చెప్పారు. బస్సు తగలబెట్టినోడి గురించి కాదు, బస్సెక్కినోడి గురించి! 1963 వాషింగ్టన్ ప్రదర్శనకు ముందు దాని గురించి విన్నవాళ్ళలో 60 శాతం వ్యతిరేకం. 1964లో, ఇట్లా వీధికెక్కితే నల్లవాళ్ళకే నష్టమని 74 శాతం మంది అన్నారు. ఈ సలహా మనకు బాగా తెలిసిందే. ‘మీ మంచికే చెప్తున్నాం, ఇట్లా అరిస్తే మీకే చెడ్డపేరు.’

1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే కింగ్ అంటే ఇష్టం లేదన్నవాళ్ళు 63 శాతం. 1967 ఏప్రిల్ 4న ఆయన వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తే, అంతకుముందు మెచ్చుకున్న పెద్ద పత్రికలు కూడా నీకెందుకీ సంగతన్నాయి. నల్లవాడు నల్లవాళ్ళ బాధ చెప్పుకోవచ్చు గానీ దేశం సంగతి మాట్లాడకూడదు! నల్లవాళ్ళ సంఘాల్లోని పెద్దలు కూడా కొందరు ఆయన్ను తప్పుబట్టారు. సరిగ్గా ఏడాదికి కాల్చి చంపారు. 1999లో అదే గ్యాలప్ అడిగితే ఇరవయ్యో శతాబ్దంలో జనం ఎక్కువగా మెచ్చినవాళ్ళలో మదర్ థెరిసా తర్వాత ఆయనే. 2011లో 94 శాతం మంది ఆయన మంచివాడన్నారు. ఆయన మాటేం మారలేదు. మనిషి పోయాడు, అంతే.

ఆ 63 శాతానికి ఆ అభిప్రాయం ఎట్లా వచ్చింది? అందరూ కింగ్‌ను చూసినవాళ్ళు కాదు. పత్రికల్లో చదివారు, టీవీలో చూశారు. నగరాల్లో జరిగిన అల్లర్ల మీద అమెరికా ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్ 1968లో నివేదిక ఇస్తూ, పత్రికలు లోకాన్ని తెల్లవాడి కళ్ళతోనే చూస్తున్నాయని చెప్పింది. వార్తలు రాసే, దిద్దే ఉద్యోగాల్లో నల్లవాళ్ళు 5 శాతం కూడా లేరని, సంపాదకుల్లో 1 శాతం కూడా లేరని లెక్క తీసింది. టీవీలో పోలీసు కుక్కల్ని చూసి మనసు మారినవాళ్ళు లేకపోలేదు. కానీ ఏ బొమ్మ చూపాలో, కింద ఏ మాట రాయాలో తేల్చే కుర్చీలో నల్లవాడు లేడు.

మన సంగతికొద్దాం. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె తాగే నీళ్ళ దగ్గర గొడ్లను కడుగుతుంటే ముణ్ణంగి సువార్త అడ్డం చెప్పింది. తెల్లారి, జులై 17న, ఊరు కట్టగట్టుకొని వచ్చి ఆరుగురిని చంపింది. అప్పుడు మా ఊరి టీ కొట్టు దగ్గర పేపరు గట్టిగా చదివేవాళ్ళు. మేం దూరంగా నిలబడి వినేవాళ్ళం. చదవడం అయిపోయాక వచ్చే మాటొకటే: ‘అదెందుకు నోరు చేసుకుంది?’ చంపినోళ్ళను గురించి ఒక్కడూ ఎందుకనలేదు. మా నాయన కూడా ఇంటికొచ్చి, ‘ఒరే, మనం కాస్త అణిగుండాలిరా’ అన్నాడు. ఆయన భయం ఆయనది. ఐడా కాలంలోనూ, కింగ్ కాలంలోనూ ఇట్లా చెప్పిన నాయనలు ఉండే ఉంటారు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళు నేనొక పత్రికకు మండల విలేకరిగా పనిచేశాను. సెంటీమీటర్ల లెక్కన డబ్బులు. వార్త రాసి కవరులో పెట్టి బస్సు డ్రైవరుకిచ్చి పంపేవాణ్ణి. ఒక పల్లెలో మావాళ్ళ ఇళ్ళమీద పడి కొట్టారు. నేను ‘దళితులపై దాడి’ అని రాశాను. పొద్దున చూస్తే ‘ఇరువర్గాల ఘర్షణ’ అని ఉంది. కొట్టినోడూ తన్నులు తిన్నోడూ ఒక్క మాటలో సమానమైపోయారు! ఫోన్ చేసి అడిగితే, ‘నీ రాతలో వేడెక్కువ, నువ్వు వాళ్ళవాడివని తెలిసిపోతుంది’ అన్నాడు డెస్కులో ఉన్నాయన. ఆయన రాతలో ఆయన ఎవరివాడో తెలిసిపోతుందని ఆయనకెవరూ చెప్పి ఉండరు. కొన్నాళ్ళకు మా మండలానికి వేరే విలేకరి వచ్చాడు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ‘ఘర్షణ’ అన్న మాటకు ఎంత బలముందో నాకప్పుడు ఇంకోసారి గుర్తొచ్చింది.

1996లో ఢిల్లీలో ఇంకో సంగతి జరిగింది. కాన్షీరాంకూ విలేకరులకూ మధ్య గొడవ నడుస్తున్న రోజులవి. పత్రికలన్నీ ఆయన్ను దుమ్మెత్తిపోస్తున్నాయి. వాషింగ్టన్ పోస్ట్ విలేకరి కెన్నెత్ కూపర్, తానూ నల్లజాతివాడే, ఈ గొడవ మీద ఒక దళిత జర్నలిస్టు ఏమంటాడో తెలుసుకోవాలనుకున్నాడు. బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టును అడిగాడు. ఉనియాల్ గుర్తింపు పొందిన విలేకరుల జాబితా తిరగేసి ఎందరినో వాకబు చేశాడు. ఒక్కడూ దొరకలేదు. ఆ మాటే నవంబరులో పయనీర్ పత్రికలో రాశాడు. కెర్నర్ కమిషన్‌కు 5 శాతం లోపైనా దొరికారు. ఇక్కడ వెతికినాయనకు ఒక్కరూ దొరకలేదు. ఆ ప్రశ్న మనదేశపు సంపాదకుడికి తట్టలేదు. ఐడా వెల్స్ వారసుడికి తట్టింది.

అంబేద్కర్‌కు ఇదంతా ముందే తెలుసు. అందుకే 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పెట్టాడు. డబ్బు తీసుకొని ప్రకటన వేయమన్నా తిలక్ స్థాపించిన ‘కేసరి’ వేయలేదు. 1932లో ప్రత్యేక నియోజకవర్గాలు అడిగినందుకు దేశద్రోహి అన్నారు. అప్పుడు గ్యాలప్ వచ్చి మనదేశంలో అడిగి ఉంటే ఆయనకెన్ని మార్కులు పడేవో ఊహించుకోండి. చనిపోయిన 34 ఏళ్ళకు, 1990లో, భారతరత్న ఇచ్చారు. 2023లో హైదరాబాదులో 125 అడుగుల విగ్రహం నిలబెట్టారు. మంచిదే. కానీ 2022 మే 24న, కోనసీమ జిల్లాకు ఆయన పేరు పెడుతున్నారని అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టిన సంగతి కూడా మర్చిపోవద్దు. విగ్రహం నోరెత్తదు కాబట్టి దండేస్తారు. పేరు మన కాగితం మీద, మన చిరునామాలో కనిపిస్తే మళ్ళీ నిప్పు పుట్టింది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నోరున్న మనిషిని లోకం తిడుతోందని విన్నప్పుడు, ఆ లోకమంటే ఎవరో అడగండి. వాళ్ళకా సంగతి ఎవరు చెప్పారో, ఏ మాట వాడి చెప్పారో చూడండి. నోరున్నోళ్ళంతా ఒప్పని నేననను. తప్పు మాట్లాడితే మనమే నిలదీయాలి. కానీ ఊరికి నచ్చకపోవడం తప్పుకు రుజువు కాదు. 63 శాతం మంది కాదన్నప్పుడు కింగ్‌తో నడిచినవాళ్ళుండబట్టే 94 శాతం మందికి ఆయన్ను మెచ్చుకునే వీలు కలిగింది. తేదీలు రాసిపెట్టండి, పేపరు కత్తిరింపులు దాచండి. దాడిని దాడి అనే రాయండి. నాలుగు పేజీల కాగితమైనా మనదంటూ ఒకటి నడపండి.