ప్రవచన పరిచర్య (ఆధునిక)

దేవుడు తనకు బయలుపరచాడని చెప్పి, రాబోయే సంగతులనో మరుగున ఉన్న సంగతులనో ఒక వ్యక్తికి లేదా సంఘానికి తెలియజేసే క్రైస్తవ సేవ. పెంతెకొస్తు, కరిజ్మాటిక్ సంఘాల్లో ఎక్కువ. ముఖపరిచయం లేని వారి పేరు, జబ్బు చెప్పడాన్ని 1 కొరింథీ 12వ అధ్యాయంలోని ‘జ్ఞానవాక్యం’ వరంగా భావిస్తారు. దీనికి మొదలు 1906 నాటి లాస్ ఏంజెలెస్ అజూసా వీధి ఉజ్జీవమని కొందరు, 1948లో కెనడాలోని నార్త్ బాటిల్‌ఫర్డ్‌లో పుట్టిన ‘కడవరి వర్షం’ ఉద్యమమని మరికొందరు అంటారు. ప్రవక్త పదవి నేటికీ ఉందని పట్టుబట్టింది రెండోదే కనుక ఆ మాటే సబబుగా తోస్తుంది.

ఈ సేవ చుట్టూ నడిచే డబ్బు గొడవ కొత్తది కాదు. ‘దిడాకే’ అనే తొలినాటి సంఘ నియమావళి (1వ శతాబ్ది చివరిదని కొందరు, 2వ శతాబ్ది తొలినాళ్లదని కొందరు) ఆత్మావేశంలో డబ్బు అడిగే ప్రవక్త మాట వినవద్దంటుంది. అడిగింది లేనివారి కోసమైతే తప్పుపట్టవద్దని కూడా అక్కడే ఉంది. విమర్శకులు తరచూ దీన్ని వదిలేస్తారు.

ఈ సేవ పేరిట మోసం జరిగే తీరు టేపుకెక్కిన ఉదంతం అమెరికా టీవీ బోధకుడు పీటర్ పోపోఫ్‌ది (జ. 1946). సభకు వచ్చినవారి పేర్లు, రోగాలు, ఒక్కోసారి ఇంటి చిరునామాలు కూడా ఆయన వేదికపై నుంచి చెప్పేవాడు. 1986లో ఐంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం స్కానరు పెట్టి, 39.17 మెగాహెర్ట్జ్‌పై ఆయన భార్య గొంతును పట్టుకుంది. విశ్వాసులు సభకు ముందు రాసిచ్చిన ప్రార్థన కార్డుల్లోని వివరాలనే ఆమె భర్త చెవిలోని రిసీవరుకు అందిస్తోంది. అంటే భక్తులు ఇచ్చిన సమాచారమే ప్రవచనమై వారికి తిరిగి వచ్చేది. ఆ బృందంలోని ఒక పురుషుడు స్త్రీ వేషంలో వెళ్తే, పోపోఫ్ గర్భాశయ క్యాన్సరు స్వస్థపరిచాడు! రాండీ ఆ టేపును జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో వినిపించాడు. పోపోఫ్ వర్గం మొదట కాదంది, తర్వాత రేడియో వాడకాన్ని ఒప్పుకుంది. పోపోఫ్ 1987లో దివాలా ప్రకటించాడు. రాండీకి ప్రచారం మీద మోజు లేకపోలేదు గాని, టేపు ముందు ఆ ఆక్షేపణ నిలవదు.

కథ అక్కడితో ఆగలేదు. పోపోఫ్ మళ్లీ టీవీలోకి వచ్చి ‘అద్భుత ఊటనీరు’ ఉచితమంటూ పంపాడు. వెనకే కానుకలు కోరే ఉత్తరాలు వెళ్లేవి. 2005లో ఆయన సంస్థ రాబడి 2.3 కోట్ల డాలర్లు దాటింది.

2020 అమెరికా అధ్యక్ష ఎన్నికలపై పలువురి ప్రవచనాలు తప్పాక, 2021లో మైకెల్ బ్రౌన్, జోసెఫ్ మటేరా చొరవతో కరిజ్మాటిక్ నాయకులు ఒక ప్రమాణాల ప్రకటన వెలువరించారు. రుసుము తీసుకుని వ్యక్తిగత ప్రవచనం చెప్పడాన్ని అది తోసిపుచ్చింది. దాన్ని పాటించనివారిపై చర్య తీసుకునే అధికారం ఎవరికీ లేదు.