కొంగు ఆవిరి, అరవై మార్కులు

జొన్న పొట్టు ఎగిరి కంట్లో పడితే వీపనగండ్లలో మా అవ్వ వైద్యం ఒక్కటే. కొంగును ఉండలా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని హా అని ఆవిరి పట్టి, వెచ్చవెచ్చగా కంటికి అద్దేది. ముసలోళ్ల ముచ్చట అనుకునేవాణ్ని. మొన్న సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో కంటి దెబ్బల అధ్యాయం తిరగేస్తుంటే అదే కనిపించింది: కంటికి కాస్త దెబ్బ తగిలితే నోటి ఆవిరితో కాపడం పెట్టాలి, నొప్పి ఇట్టే పోతుంది. కొంగు సంగతి అందులో లేదు, అది మా అవ్వల చేర్పు.

ఆ సంబరంలోనే అసలు సరుకు దొరికింది: ఏ కన్ను దక్కుతుందో చెప్పే లెక్క. దెబ్బ ఒక పొరకే తగిలితే నయమవుతుంది. రెండు పొరలకు తగిలితే కష్టం. మూడింటికీ తగిలితే వైద్యుడు దాన్ని వదిలేయాలి. మూడు వేళ్ల మీద తేలిపోయే జోస్యం! కంటి లోపలికి చూసే సాధనం ఏదీ లేని రోజుల్లో, దెబ్బ ఎంత లోతు దిగిందన్న ఒక్క ఆనవాలు పట్టుకున్నారు. ఆ మూడో మాటంటే నాకు మరీ ఇష్టం. తన చేతకాని చోటు ఇదీ అని వైద్యుడు ముందే గీత గీసుకున్నాడు. ఇప్పటి బిల్లుల్లో అలాంటి గీత నాకెక్కడా కనిపించలేదు.

తర్వాతి శతాబ్దాలను ఒక్క దూకులో దాటేస్తాను. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపుతో కంటి లోపలిది బయటపడింది. 1959లో లెవటిన్, టార్చిని ఒక కంటి మీంచి రెండో కంటి మీదికి ఊపి పాప ముడుచుకునే తీరు చూడమన్నాడు.

2002లో ఫెరెంక్ కూన్ బృందం అమెరికా, హంగరీ రిజిస్టర్లలోని 2,500కు పైగా గాయాలు చూసి ఆక్యులర్ ట్రామా స్కోరు కట్టింది. వెలుతురు కూడా తెలియని కంటికి మొదట 60 మార్కులు, చూపు ఉన్నకొద్దీ ఇంకా ఎక్కువ. మా బడిలో అది ఫస్టు క్లాసు! ఆపైన కోతలు: గుడ్డు పగిలితే 23, లోపల చీము పడితే 17, ఇటు నుంచి అటు దూసుకుపోతే 14, రెటీనా ఊడితే 11, టార్చి పరీక్షలో పాప తప్పితే 10. మిగిలింది 44కు మించకపోతే నూటికి 70 మందికి పైగా చీకటే. 92, ఆపైన ఉంటే 90 మందికి పైగా మంచి చూపు.

వందకు పైగా అంశాలు జల్లెడ పట్టి ఆరే ఉంచారు. తుమ్మముల్లా, కొడవలి కొసా అన్నది అందులో లేదు. ఆసుపత్రికి ఎన్నాళ్లకు వచ్చారన్నదీ లేదు. నాకది లోటే. 1996–2000 మధ్య ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నాలుగు జిల్లాల్లో సర్వే చేసింది. అందులో మా ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. పల్లెల్లో నూటికి ఏడుగురికి పైగా కంటికి ఎప్పుడో దెబ్బ తగిలినవాళ్లే, ముల్లూ పుల్లలే పెద్ద కారణం. ఆకుపసరు పిండుకుని నాలుగు రోజులు ఆగితే, ఆ ఆలస్యం చీము 17లో కలిసిపోయి వస్తుంది.

కొంగు అద్దాక అవ్వ వేళ్లు చూపించి “ఇవెన్ని బిడ్డా?” అనేది. స్కోరులో మొదటి ప్రశ్న కూడా చూపెంత అన్నదే. సరిగ్గా చెబితే ఆటకు వదిలేది. తడబడితే వనపర్తి బస్సెక్కించేది.