సర్వీస్‌కు జెడ్ డ్రైవ్ ఎందుకు కనిపించదు?

రాజమండ్రి బట్టల షాపైనా, భీమవరం ఆఫీసైనా లెక్కలు ఒక కంప్యూటర్‌లో పెట్టి, మిగతావాటిలో జెడ్ డ్రైవ్‌గా వాడటం మామూలే. మనం తెరిస్తే వస్తుంది. రాత్రి బ్యాకప్ తీసే సర్వీస్‌కు మాత్రం దొరకదు.

కారణం: విండోస్‌లో ఆ డ్రైవ్ అక్షరం లాగిన్ అయిన యూజర్ సెషన్‌దే. విస్టా నుంచి సర్వీసులు విడిగా సెషన్ 0లో నడుస్తాయి.

ఏం చేయాలి?

1. అక్షరం బదులు పూర్తి పాత్ ఇవ్వండి: రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, మరో బ్యాక్‌స్లాష్, షేర్ పేరు.

2. రెండు కంప్యూటర్లలో ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో యూజర్‌ను పెట్టండి. షేర్‌కు, ఫోల్డర్‌కు రాసే అనుమతి ఇవ్వండి.

3. సర్వీస్ ప్రాపర్టీస్‌లోని లాగ్ ఆన్ ట్యాబ్‌లో ఆ యూజర్‌నే పెట్టి, రీస్టార్ట్ చేయండి.

పాస్‌వర్డ్ మార్చినప్పుడు అక్కడా మార్చాలి. లేదంటే బ్యాకప్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. డిస్క్ పోయిన రోజున గానీ తెలియదు. రోజూ పొద్దున్నే బ్యాకప్ ఫైల్ తేదీ చూసుకోండి.