రాగి అజైడ్

రాగి, నత్రజని తప్ప మరేమీ లేని పేలుడు లవణం. ఒక్కో రాగి పరమాణువుకు మూడేసి నత్రజని పరమాణువుల గుంపులు రెండుంటాయి. ముదురు గోధుమ రంగు స్ఫటికాలు, నీళ్లలో దాదాపు కరగవు. కాస్త రాపిడి తగిలినా చాలు, ఆ గుంపులు విడిపోయి నత్రజని వాయువు ఒక్కసారిగా వెలువడుతుంది. డిటోనేటర్లలో వాడే సీసపు అజైడ్ కంటే ఇది ఇంకా సున్నితం. అందుకే దీన్ని పేలుడు మందుగా వాడింది అరుదు. అతి చిన్న డిటోనేటర్ల కోసం ఈమధ్య పరిశోధనలు జరుగుతున్నా, దీని చరిత్రలో ఎక్కువ భాగం దీన్ని పుట్టనివ్వకుండా చూసుకున్న చరిత్రే.

1890లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త థియోడోర్ కుర్టియస్ హైడ్రజోయిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. రాగి, సీసపు అజైడ్లు దాని లవణాలే. అంతకుముందు, 1860లలో, ఆల్ఫ్రెడ్ నోబెల్ డిటోనేటర్లలో పాదరసపు ఫుల్మినేట్ ఉండేది. డిటోనేటర్ గొట్టం రాగిదైనా దానికి పేచీ లేదు. ఇరవయ్యో శతాబ్దంలో సీసపు అజైడ్ వచ్చాక చిక్కు మొదలైంది. తేమ తగిలితే దానినుంచి హైడ్రజోయిక్ ఆమ్లం మెల్లగా బయటపడి, గొట్టం గోడలోని రాగితో కలిసి రాగి అజైడ్‌గా పేరుకుంటుంది. దాంతో గొట్టాన్ని అల్యూమినియంతో చేయడం మొదలుపెట్టారు. సింగరేణి లాంటి బొగ్గు గనుల సంగతి వేరు. మండే అల్యూమినియం తునకలు మీథేన్‌ను అంటించగలవు కనుక అక్కడ రాగి గొట్టమే మేలు, మార్చుకోవాల్సింది లోపలి మందునే.

మంగంపేట ముగ్గురాయి గనుల్లో, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు సున్నపురాయి క్వారీల్లో మీథేన్ బెడద లేదు, అల్యూమినియం డిటోనేటర్లు సరిపోతాయి. బేతంచెర్ల బండలకైతే మందుతో పని తక్కువ, అవి పొరలుగా లేస్తాయి.

కర్నూలు, కడప ఊళ్లలో రాగి అజైడ్ పుట్టగల చోటు క్వారీ కంటే రక్తపరీక్షల ల్యాబు సింకు. పరీక్షలకు వాడే కొన్ని రసాయన ద్రావణాల్లో (రీఏజెంట్లలో) అవి చెడిపోకుండా సోడియం అజైడ్ కలుపుతారు. మిగిలినదాన్ని సింకులో పోస్తూ పోతే రాగి, ఇత్తడి, సీసం అమరికల్లో పేలుడు అజైడ్లు పేరుకోవచ్చు. అమెరికాలోని వృత్తి భద్రత సంస్థ నియోష్ 1976లోనే దీనిపై హెచ్చరించింది. పారబోసేటప్పుడు నీళ్లు ధారాళంగా వదలమని సీసాల మీదే రాసి ఉంటుంది, ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లలో అది చెప్పినంత తేలిక కాదు. ప్లాస్టిక్ గొట్టాలకు ఈ బాధ లేదు. పాత లోహపు గొట్టాలున్న చోట మాత్రం, మరమ్మతుకు వచ్చిన ప్లంబర్ పానా పట్టకముందే ఆ సింకులో ఏమేం పోశారో చెప్పాలి.