మూడు లాంతర్ల దగ్గర దిగాలి

విజయనగరం వెళ్లిన ప్రతిసారీ రైల్వే స్టేషన్ బయట ఆటో అతనితో నేననే మాట ఒకటే: "మూడు లాంతర్లు." అతను బేరమాడతాడు తప్ప అదెక్కడని అడగడు. 2020 మే తర్వాత వెళ్లినప్పుడు కూడా అలవాటుగా అదే అన్నాను. అతనూ అలవాటుగానే తలూపాడు. లేని లాంతర్ల దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

ఊరు తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఉన్న కూడలి అది. అక్కడ ఒక స్తంభం, దానికి మూడు దీపాలు. రాజుల కాలం నాటిది. అందం సంగతి అడిగితే నేను పెద్దగా చెప్పలేను. దాని కోసం ఏ టూరిస్టూ ఊరికి రాడు. ఫొటోలన్నీ 1885లో కట్టిన గంటస్తంభానికే. ఎనిమిది పలకల కట్టడం, ఎర్ర రంగు, లండన్ గడియారాన్ని చూసి ముచ్చటపడి కట్టించారన్న కథ. లాంతర్ల స్తంభానికి అలాంటి కథ కూడా లేదు. అదొక అడ్రసు. పెళ్లి శుభలేఖల్లో, షాపుల బోర్డుల మీద, బస్సు దిగినవాళ్లకి ఫోన్లో దారి చెప్పేటప్పుడు వాడే మాట.

లాక్‌డౌన్‌లో రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని పడగొట్టారు. కూడలిని అందంగా తీర్చిదిద్దడానికని అధికారులు అన్నారు. నేను హైదరాబాద్‌లో ఇంట్లో కూచుని పనిచేసుకుంటుంటే ఫ్యామిలీ గ్రూపులో ఫొటో వచ్చింది. కాసేపటికి అమ్మమ్మ ఫోను: "లాంతర్లు తీసేసినారట్రా. ఇప్పుడు గుడికొచ్చినోళ్లకి ఏటని చెప్తాం?"

మా ఆఫీసులో పాత కోడ్ తీసేసేముందు ఒక పని చేస్తాం. దాన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని వెతుకుతాం. ఎవరూ వాడకపోతేనే తీస్తాం. ఆ స్తంభం విషయంలో ఎవరైనా అలా వెతికి ఉంటే జవాబు ఒక్క నిమిషంలో దొరికేది. ఊరంతా వాడుతోంది.

తర్వాత జరిగిన గొడవ పేపర్లలో చదివే ఉంటారు. ఒక పక్షం వారసత్వాన్ని కూల్చారని మండిపడింది. అవతలి పక్షం వెంటనే కోటలోని మోతీమహల్ సంగతి ఎత్తింది. 1869 నాటి ఆ భవనం అప్పటికే నేలమట్టమైంది, దాన్ని కూల్చినప్పుడు మీరెక్కడున్నారని అడిగింది. రెండు పక్షాలూ చెప్పింది నిజమే. చిత్రమేమిటంటే, వాదనంతా పలుగు ఎవరి చేతిలో ఉందన్న దాని చుట్టూనే తిరిగింది. రెండు కట్టడాలూ పలుగుకి అంత సులువుగా ఎలా అందాయని అడిగినవాళ్లు తక్కువ.

చట్టం లేక కాదు. ప్రాచీన, చారిత్రక కట్టడాల కోసం రాష్ట్రంలో 1960 నాటి చట్టం ఉంది. కానీ అది రక్షిత కట్టడంగా ప్రకటించినవాటికే గొడుగు. పాతదైనంత మాత్రాన ఏ గోడకీ రక్షణ రాదు. గుళ్లకి, బౌద్ధ స్తూపాలకి ఆ ప్రకటన కొంత తేలిగ్గా దొరుకుతుంది. దీపస్తంభానికీ, లైబ్రరీకీ, ఒక రచయిత కాపురమున్న ఇంటికీ అంత తేలిగ్గా దొరకదు. హైదరాబాద్‌లో ఆ లోటు పూడ్చడానికి 1995లో రెగ్యులేషన్ 13 తెచ్చి, భవనాల జాబితా కట్టారు. 2015లో దాన్ని ఎత్తేశారు. అయినా 2019లో ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. జాబితాలో పేరు ఉండబట్టి వాదించడానికి కనీసం ఒక కాగితం దొరికింది. మా లాంతర్ల కోసం చూపించడానికి అమ్మమ్మ ఫోన్ కాల్ తప్ప ఏముంది?

అయితే కాగితం ఒక్కటే కాపాడుతుందని కూడా నేను నమ్మను. 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం' బొంకులదిబ్బ మీద మొదలవుతుంది. అప్పులవాళ్ల నుంచి తప్పించుకుని ఊరు దాటే ఆలోచనలో గిరీశం మనకి కనబడేది అక్కడే. కోట ముందున్న ఆ బొంకులదిబ్బ ఇంకా ఆ పేరుతోనే ఉంది. తెలుగు చదివేవాళ్లలో సగం మందికి ఆ పేరు తెలుసు. అదెలా ఉంటుందో చూద్దామని రైలెక్కినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. నేను విజయనగరంవాణ్ని అయ్యుండి కూడా, ఆ నాటకం చదివాకే అటువైపు ఆగి చూశాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. అంతకు ముందు వందల సార్లు దాని పక్క నుంచి వెళ్లి ఉంటాను.

ఇదే ఊళ్లో సంగీత కళాశాలకి మాత్రం ఆ బెంగ లేదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు తర్వాత ఆ కుర్చీలో కూచున్నారు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నారు. అవన్నీ గొప్ప సంగతులే. కానీ దాన్ని నిలబెట్టేది అక్కడ రోజూ ఎవరో ఒకరు సాధన చేస్తుండటమే అనిపిస్తుంది. పిల్లలు పాడుతున్న గది మీదికి పలుగు తేవడం కష్టం.

ఈ ఆలోచన నన్ను మళ్లీ ఆ కూడలికే తీసుకొచ్చింది. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను కదిలేది అక్కడ్నుంచే. 1757లో, బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాదే, పెద్ద చెరువులో అమ్మవారి విగ్రహం దొరికిందని చెబుతారు. సిరిమాను అంటే ఓ పొడవాటి చింతమాను. దాని చివర పూజారి కూచుంటాడు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తుంది. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల నడుస్తాయి. ప్రతిదానికీ దాని తాలూకు మనుషులున్నారు. వల ఎవరు పట్టాలో, రథంలో ఎవరుండాలో తెలుసు. ఆ వరస తప్పితే ఊరుకోరు.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఆ మాను పాతది కాదు. ఏటా కొత్త చెట్టే. అమ్మవారు పూజారి కలలోకొచ్చి చెట్టున్న చోటు చెబుతుందని నమ్మకం. ఆ చెట్టుకి పూజ చేసి, నరికి, ఊరేగింపుగా ఊళ్లోకి తెస్తారు. జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త కలపతో మళ్లీ కడతారు, 2013లోనూ కట్టారు. అక్కడా పాతబడనిది వడ్రంగం, కలప కాదు. మన చర్చల్లో వారసత్వం అనగానే ఎన్నేళ్లది, ఏ రాయి, ఏ సున్నం అని మొదలుపెడతాం. సిరిమానుకి వయసు ఒక్క ఏడాదే. దాన్ని ఆపమని చెప్పే ధైర్యం మాత్రం ఏ ఆఫీసుకీ లేదు. 2020లో కరోనా ఆంక్షల మధ్య కూడా, జనాన్ని తగ్గించి, దాన్ని జరిపారు. మేలో స్తంభం పోయిన కూడలి నుంచే అక్టోబరులో సిరిమాను కదిలింది.

అందుకని స్తంభం మళ్లీ కట్టినా చాలదని నా వాదన. అచ్చం పాతదానిలాగే కట్టొచ్చు, ఫొటోలున్నాయి. కానీ దానికి 'తాలూకు మనుషులు' ఎవరు? జాబితా కట్టేటప్పుడు ప్రతి కట్టడం పక్కనా కట్టిన సంవత్సరంతో పాటు ఇంకో గడి కూడా ఉండాలి. అందులో ఒక బడి పేరు, ఒక వీధి పేరు, ఒక కులవృత్తి సంఘం పేరు, ఏదో ఒకటి రాయాలి. పలానా రోజున ఫలానావాళ్లు దీపం పెట్టాలి అన్నంత చిన్న పని అయినా సరే. ఇది కాస్త అమాయకమైన ఆలోచనేనేమో. ఎక్సెల్ షీటులో గడి చేరిస్తే సమస్య తీరిపోతుందనుకోవడం మా వృత్తి జబ్బు.

ఇదంతా ఓ రాత్రి అమ్మమ్మకి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "ఉండీవోడురా" అంది.

"ఎవరు?"

"ఆటిని ఎలిగించీవోడు. మా అత్త చెప్పీది. పొద్దుగూకీసరికి నిచ్చెనేసుకోని వొచ్చీవోడట, నూని పోసీసి, ఎలిగించీసి ఎల్లిపోయీవోడట. కరెంటొచ్చాక రావడం మానేసినాడు."