భూమి రికార్డుల పరిభాష – చరిత్ర

భూమి రికార్డుల పరిభాష అంటే పొలం ఎవరిది, విస్తీర్ణమెంత, ఎవరి సాగులో ఉంది, శిస్తెంత అన్న సంగతులను నమోదు చేయడానికి రెవెన్యూ యంత్రాంగం వాడే మాటలు. తెలుగు ప్రాంతాల్లో అడంగల్, పహాణీ, పట్టా, సేత్వార్, పోరంబోకు, ఇనాం, 1-బి వంటివి ఈ కోవలోవి. పాలకులు మారినప్పుడల్లా పాత మాటలు పోలేదు, కొత్తవి వాటిపై చేరాయి. ఏ మాటకు ఏ అర్థమో తేల్చి చెప్పడం ఇక్కడ భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు, రైతు హక్కుకు సంబంధించినది.

కవిలెల కాలం

గ్రామ లెక్కలను కరణాలు, తెలంగాణలో పట్వారీలు తరతరాలుగా రాసేవారు. ఆంధ్ర ప్రాంతంలో ఆ పుస్తకాలను కవిలెలు అనేవారు. 19వ శతాబ్ది తొలినాళ్లలో కాలిన్ మెకంజీ బృందం సేకరించిన కైఫియత్తుల్లో (గ్రామ చరిత్రల్లో) ఈ కవిలెల నుంచి తీసుకున్న సమాచారం ఎంతో ఉంది. మాన్యం, అగ్రహారం, బంజరు వంటి మాటల స్థానిక అర్థం కరణానికి తెలుసు, ఊరికీ తెలుసు. ఊరు దాటితే అదే మాటకు కొలత, షరతు మారిపోవచ్చు.

కుంపిణీ పాలనలో పదకోశాలు

1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయంతో ఉత్తర సర్కారుల్లో జమీందారీ విధానం, థామస్ మన్రో చేతుల మీదుగా దత్తమండలాల్లో రైత్వారీ విధానం బలపడ్డాయి. గ్రామ లెక్కలు కలెక్టరు కచేరీకి, అక్కణ్ణుంచి మద్రాసుకు, లండనుకు చేరసాగాయి. ఒక్కో అధికారి ఒక్కో రకంగా రాసిన దేశీయ పదాలు పైవారికి అర్థమయ్యేవి కావు. ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలపై 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు అందిన ఐదవ నివేదికకు చార్లెస్ విల్కిన్స్ పదకోశం కూర్చవలసి వచ్చింది. సి.పి.బ్రౌన్ 1852లో జిల్లా నిఘంటువు ప్రచురించాడు. 1855లో వచ్చిన హెచ్.హెచ్.విల్సన్ న్యాయ, రెవెన్యూ పదకోశం తెలుగుతో సహా అనేక భారతీయ భాషల కచేరీ పదాలను ఒకచోట చేర్చింది.

మద్రాసు ప్రభుత్వం గ్రామ లెక్కలకు నంబర్లు కూడా ఇచ్చింది. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో చెప్పే అడంగల్‌కూ ఒక నంబరు ఉండేది. ఒక్కో పట్టాదారు భూములన్నిటినీ ఒకచోట చూపేది 10(1). ఏ జిల్లాలో ఏ పేరుతో పిలిచినా నంబరు మారదు కాబట్టి పొరపాటుకు తావు తగ్గింది. సర్వే సెటిల్‌మెంట్ వివరాలను రెండు భాషల్లో చూపిన రిజిస్టరుకు డైగ్లాట్ అన్న పేరు స్థిరపడింది.

నిజాం రాజ్యంలో

హైదరాబాదు రాజ్యంలో కచేరీ భాష మొదట పారసీ, 1880ల నుంచి ఉర్దూ. 1317 ఫసలీ, అంటే 1907–08 నాటి భూమిశిస్తు చట్టం కింద సేత్వార్, పహాణీ, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ వంటి రికార్డులు నడిచాయి. తన పొలం గురించి ఏం రాశారో తెలుగు రైతు స్వయంగా చదువుకోలేకపోయేవాడు. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ తెలంగాణలో హక్కుల రికార్డుకు పునాది అయింది. నేటికీ భూవివాదాల్లో మొదట అడిగే పత్రాల్లో అదొకటి.

ఒకే రాష్ట్రం, రెండు వాడుకలు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండు సంప్రదాయాలూ ఒకే ప్రభుత్వం కిందికి వచ్చాయి. ఒకచోట అడంగల్ అన్నదే మరోచోట పహాణీ. ఒకచోట ఎకరాకు 100 సెంట్లు, మరోచోట 40 గుంటలు. 1966లో తెలుగు అధికార భాషగా చట్టబద్ధమైంది. 1971 హక్కుల రికార్డు చట్టం, దాని నియమాలు రాష్ట్రమంతటికీ 1-బి (హక్కుల రిజిస్టరు), పట్టాదారు పాసు పుస్తకం అనే ఉమ్మడి పేర్లనిచ్చాయి. 1984లో కరణం, పట్వారీ పదవులు రద్దయ్యాయి. వంశపారంపర్య పెత్తనం తొలగడం మేలే చేసింది. కానీ పాత గుర్తుల అర్థం చాలావరకు వారి జ్ఞాపకంలోనే ఉండిపోవడంతో కొత్త సిబ్బందికి అది అందలేదు.

అస్పష్టతకు చెల్లించిన మూల్యం

ఇలాంటి అస్పష్టతకు పెద్ద ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌లోని చుక్కల భూములు. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో కొన్ని సర్వే నంబర్ల ఎదుట పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు ప్రభుత్వ భూమికి గుర్తా, యజమాని తేలలేదనా అన్నది ఆ పుటలో లేదు. దరిమిలా అవి నిషేధిత జాబితాలో చేరడంతో, తరాలుగా దున్నుకుంటున్నవారు సైతం అమ్ముకోలేకపోయారు. ఈ చిక్కు తీర్చడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. 2023లో సుమారు 2 లక్షల ఎకరాలను నిషేధం నుంచి తప్పించారు.

పట్టాదారు, అనుభవదారు అన్న మాటలదీ ఇదే తీరు. మొదటిది ఖాతా ఎవరి పేర ఉందో, రెండోది పొలం ఎవరి చేతిలో ఉందో చెబుతుంది. రెవెన్యూ నమోదు దానంతటదే యాజమాన్యాన్ని ఇవ్వదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. అయినా ఊళ్లలో ఈ తేడా చెరిగిపోయి తగాదాలు పెరిగాయి.

కంప్యూటర్ యుగం

ఆంధ్రప్రదేశ్‌లో వెబ్‌ల్యాండ్, మీ భూమి, తెలంగాణలో 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి రికార్డులను తెర మీదికి తెచ్చాయి. ధరణిలో అనుభవదారు గడి లేకపోవడం తీవ్ర చర్చకు దారితీసింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. కాగితంపై అంచున రాసిన వివరణకు యంత్రంలో చోటుండదు. గడికి పెట్టిన పేరు, దాని కింద ఎంచుకోవడానికి ఇచ్చిన మాటలు ఎంత స్పష్టంగా ఉంటే రికార్డు అంత నిజం చెబుతుంది.

రెండు శతాబ్దాల అనుభవం నేర్పిన నియమాలు కొన్నే. ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి. ఆ అర్థం రికార్డుతోపాటే ప్రజలకు అందుబాటులో ఉండాలి. పాత పదాన్ని మార్చినప్పుడు దానికి సమానమైన కొత్త పదమేదో నమోదు చేయాలి. ఖాళీ గడి ఎందుకు ఖాళీయో రాయాలి. ఇవి పాటించిన రికార్డును రైతు మధ్యవర్తి లేకుండా చదువుకోగలడు, తప్పుంటే తానే పట్టుకోగలడు.